క్వీర్ సైకాలజీ పరిశోధనకు 4,800 డాలర్లు: వెతుకులాట నుంచి మొదటి గిఫ్ట్ కార్డు దాకా

ముందు తేదీలు చెప్పేస్తాను. 2024 ఆగస్టు 12న గ్రాంట్ల కోసం వెతకడం మొదలైంది. సర్వే నింపిన మొదటి మనిషికి పది డాలర్లు చేరింది 2025 అక్టోబర్ 3న. మధ్యలో దాదాపు 14 నెలలు. మూడు దరఖాస్తులు వేస్తే రెండు పోయాయి, ఒకటి వచ్చింది. వచ్చిన మొత్తం 4,800 డాలర్లు. ప్రపోజల్ రాయడానికి అన్నీ కలిపి పట్టింది ఆరు వారాలే. మిగతా కాలమంతా ఎదురుచూపులకీ, ఆ డబ్బు ఎవరి పేరు మీద ఏ ఖాతాలో పడాలన్న గొడవకీ పోయింది. ఈ రెండో సంగతి ముందే తెలిసుంటే కొన్ని వారాలైనా కలిసొచ్చేవి.

పరిశోధన ఇది: అమెరికాలో ఉంటున్న దక్షిణాసియా ఎల్‌జీబీటీక్యూ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్, క్వీర్) వయోజనులు తమ సంగతి ఇంట్లో దాచుకోవడానికీ, వాళ్ల ఆందోళన, దిగులు లక్షణాలకీ మధ్య ఏం నడుస్తోంది? ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ సర్వే, ఆపైన 20 ఇంటర్వ్యూలు. నేనున్నది ఎఫ్-1 వీసా మీద, సైకాలజీ పీహెచ్‌డీలో. దరఖాస్తు వేసిన మూడు సంస్థల పేర్లూ, యూనివర్సిటీ పేరూ ఇక్కడ రాయడం లేదు. వాటితో పనిలేకుండానే చెప్పాల్సింది చెప్పొచ్చు.

మొదటి వారం అర్హతల జల్లెడకే సరిపోయింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి ఎఫ్‌31 ఫెలోషిప్, సైన్స్ పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ వారి గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ రెండూ అమెరికా పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. వీసా మీద ఉన్నవాళ్లు ఆ పేజీలు చదివి ఆశపడటం అనవసరం. పైగా 2025 ఫిబ్రవరి చివరి నుంచి ఎన్‌ఐహెచ్ ఈ రంగంలో అప్పటికే ఇచ్చిన గ్రాంట్లనే వరసగా రద్దు చేయడం మొదలుపెట్టింది. దాంతో అర్హత ఉన్న పౌరులు కూడా చిన్న ప్రైవేటు గ్రాంట్ల వైపు తిరిగారు. మాకు మంజూరు చేసిన సంస్థ తన లెటర్‌లో, ఆ ఏడు అంతకుముందెన్నడూ రానన్ని దరఖాస్తులు వచ్చాయని రాసింది.

జల్లెడలో మిగిలినవి వృత్తి సంఘాల గ్రాంట్లు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో 44వ డివిజన్ ఈ రంగానిదే. విద్యార్థుల పరిశోధనకు అది ఇచ్చేది మాల్యన్-స్మిత్ స్కాలర్‌షిప్. అమెరికన్ సైకలాజికల్ ఫౌండేషన్‌లో రాయ్ స్క్రివ్‌నర్ పేరు మీద ఒక గ్రాంట్ ఉంది, అది ఎల్‌జీబీటీ కుటుంబాల మనస్తత్వశాస్త్రానికి, కుటుంబ చికిత్సకు. సోషల్ సైకాలజీ వైపు వాళ్లకు ఎస్‌పీఎస్‌ఎస్‌ఐ (సామాజిక సమస్యలను అధ్యయనం చేసే సైకాలజిస్టుల సంఘం) వారి గ్రాంట్లు ఉన్నాయి. వాటిలో క్లారా మేయో గ్రాంట్ మాస్టర్స్ థీసిస్ లేదా డిసర్టేషన్‌కు ముందరి పరిశోధనకు. లైంగికతా శాస్త్ర సంఘం, సైకాలజీ ప్రతిభా సంఘం సై కై, సైన్స్ పరిశోధకుల సంఘం సిగ్మా సై కూడా విద్యార్థులకు చిన్న మొత్తాలు ఇస్తాయి. సిగ్మా సై సాధారణ పరిమితి వెయ్యి డాలర్లు, అందులో ఎక్కువ భాగం సభ్యులకే పోతుంది. వీటిలో చాలావాటికి దరఖాస్తు తేదీ నాటికే సభ్యత్వం ఉండాలి. ఒకచోట సభ్యత్వం నమోదవడానికి 11 రోజులు పట్టింది. గడువుకు వారం ముందు చేరదాం అనుకునుంటే ఆ దరఖాస్తు అక్కడితో సరి. ప్రతి పేజీలోనూ ముందు చూడాల్సింది మూడు: సభ్యత్వం ఎప్పటికల్లా ఉండాలి, ప్రాస్పెక్టస్ డిఫెన్స్‌కు (పరిశోధన ప్రణాళికను కమిటీ ముందు సమర్థించుకోవడం) ముందా తర్వాతా, డబ్బు విద్యార్థికిస్తారా యూనివర్సిటీకిస్తారా. మూడోది చాలాచోట్ల రాసి ఉండదు. ఈమెయిల్ చేసి అడగాలి. అడిగితే చెప్తారు.

మొదటి దరఖాస్తు 2024 అక్టోబర్ 15న వెళ్లింది. డిసెంబర్ 20న రెండు వాక్యాల తిరస్కరణ వచ్చింది, ఎందుకో చెప్పలేదు. ఆ ఈమెయిల్ ముందు ఎంతసేపు కూర్చున్నా అందులోంచి నేర్చుకోవడానికేమీ లేదు. దాన్ని వదిలేస్తాను.

రెండోది నవంబర్ 1న వేస్తే, 98 రోజుల తర్వాత, 2025 ఫిబ్రవరి 7న కాదన్నారు. దాంతోపాటు ఇద్దరు రివ్యూయర్ల అభిప్రాయాలు, చెరో అర పేజీ పంపారు. అసలు పాఠమంతా ఆ పేజీలో ఉంది. మొదట చదివినప్పుడు ఒళ్లు మండింది. రెండు రోజులాగి చదివితే చాలావరకు వాళ్లదే న్యాయమనిపించింది.

మొదటి తప్పు శాంపిల్ సైజుది. జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ (ఒకదాన్నిబట్టి ఇంకోదాన్ని అంచనా వేసే) లెక్క వేసి 150 మంది చాలని రాశాం. కానీ మా ప్రశ్న మీడియేషన్‌ది, అంటే ఒకటి మధ్యలో ఇంకోదాని ద్వారా పనిచేయడం: దాచుకోవడం వల్ల ఒంటరితనం, ఒంటరితనం వల్ల దిగులు. ఆ పరోక్ష ప్రభావానికి జీపవర్‌లో లెక్క లేదు. రివ్యూయర్ ఒకే వాక్యంలో పట్టేశారు. ఫ్రిట్జ్, మెకినన్ 2007లో ప్రచురించిన పట్టిక ప్రకారం, రెండు దారుల బలమూ 0.26 చొప్పున ఉంటే పర్సెంటైల్ బూట్‌స్ట్రాప్ అనే లెక్క పద్ధతికి 162 మంది కావాలి. రెండూ 0.14 మాత్రమే అయితే 558 మంది. పాత అధ్యయనాల ఆధారంగా 0.26ను ఎంచుకుని, కంప్యూటర్‌లో కల్పిత డేటాతో చాలాసార్లు నడిపి చూసే మాంటీకార్లో సిమ్యులేషన్‌తో సరిచూసి, పనికిరాని జవాబులు ఏరేసి శుభ్రం చేసేటప్పుడు నూటికి ముప్పై పోతాయనుకుంటే 162ను 0.7తో భాగించాలి. వచ్చేది 231. దాన్ని 240 చేశాం. ఈ నాలుగు అంకెలూ ప్రపోజల్‌లో ఒకే పేరాలో పెట్టాం. ఆ తర్వాత ఎవరూ శాంపిల్ మీద వేలు పెట్టలేదు.

రెండో తప్పు ఇంకా లోతైనది. లైంగిక ధోరణినీ (ఎవరి మీద ఆకర్షణ) జెండర్ గుర్తింపునీ (తమను తాము ఏమనుకుంటారో) ఒకే మూటగా కట్టేశాం. 240 మందిలో ట్రాన్స్ (పుట్టినప్పుడు రాసిన జెండర్ తమది కాదనుకునేవాళ్లు), నాన్‌బైనరీ (ఆడ, మగ రెంటిలోనూ ఇమడనివాళ్లు) మనుషులు ముప్పై నలభై మంది వస్తే వాళ్ల గురించి విడిగా ఏ లెక్కా చెప్పలేం. అయినా శీర్షికలో వాళ్లనూ చేర్చాం. ‘పేరుకే టీ అక్షరం’ అన్న అర్థంలో రివ్యూయర్ రాసిన మాట గుచ్చుకుంది, కానీ నిజం. ఈ రంగంలో రివ్యూ చేసేవాళ్లు దీన్ని క్షమించరు. వివక్ష, దాపరికం లాంటి ఒత్తిళ్లు మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తాయని చెప్పే మైనారిటీ స్ట్రెస్ నమూనాను మేయర్ 2003లో లెస్బియన్, గే, బైసెక్సువల్ మనుషుల గురించి రాశారు. దాన్ని ట్రాన్స్ మనుషులకు తగ్గట్టు హెండ్రిక్స్, టెస్టా 2012లో విస్తరించారు. కొలమానాలూ వేరు. అందుకని తిరగరాశాం. సర్వే ప్రధాన ప్రశ్నను లైంగిక ధోరణిని దాచుకోవడానికే పరిమితం చేశాం. 20 ఇంటర్వ్యూల్లో 12 ట్రాన్స్, నాన్‌బైనరీ మనుషులకు కేటాయించి, వాళ్లకు వేరే ప్రశ్నావళి పెట్టాం. ఎవరి గురించి ఏం చెప్పగలమో, ఏం చెప్పలేమో ఒక పేరాలో రాశాం.

మూడోది బడ్జెట్. పరిమితి 5,000 డాలర్లైతే మేం 7,350 చూపించి, మిగతాది ఇంకెక్కడినుంచో తెస్తామన్నాం. ఎక్కడినుంచి అని అడిగారు. అందులో కాన్ఫరెన్స్ ప్రయాణానికి 900, ఇంటర్వ్యూల విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌కు ఒక లైన్ ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్సు మా యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితమేనని తర్వాత తెలిసింది. రివ్యూయర్లకు ఇలాంటి లైన్లు ఇట్టే కనిపిస్తాయి.

మూడో దరఖాస్తులో బడ్జెట్ ఇలా నిలిచింది. సర్వేకు 240 మందికి పదేసి డాలర్లు, 2,400. ఇంటర్వ్యూలు ఇరవై, ఒక్కోటి గంటం పావు, నలభై డాలర్ల చొప్పున 800. తెలుగు అనువాదం 2,600 మాటలు, మాటకు 12 సెంట్లు, ఇంగ్లిష్ నుంచి తెలుగుకు 312, సరిచూడటానికి మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిరుగు అనువాదానికి ఇంకో 312. తెలుగు ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో ఒక్కొక్కరితో కూర్చుని చదివించి చూడటానికి ఎనిమిది మంది, ముప్పై చొప్పున 240. అండర్‌గ్రాడ్ సహాయకులకు 40 గంటలు, గంటకు 15, అంటే 600. ప్రకటనలకు 136. మొత్తం 4,800. ప్రతి లైన్ కిందా రెండు వాక్యాల సమర్థన రాశాం. పది డాలర్లే ఎందుకు? 25 నిమిషాల సర్వే కాబట్టి గంటకు 24 లెక్కన పడుతుంది. డబ్బిచ్చి సర్వేలు నింపించే వెబ్‌సైట్ ప్రోలిఫిక్‌లో కనీసం గంటకు 8, వాళ్లు సిఫారసు చేసేది 12. మేం వెతికేది దొరకడం కష్టమైన మనుషుల్ని, కాబట్టి రెట్టింపు. మరి ప్రోలిఫిక్‌లోనే చేయొచ్చుగా అన్న ప్రశ్నకూ జవాబు పెట్టాం: అక్కడ దక్షిణాసియా మూలం, ఎల్‌జీబీటీక్యూ రెండు ఫిల్టర్లూ కలిపితే మాకు కనిపించిన సంఖ్య చాలదు.

విద్యార్థికి జీతం లైన్ మాత్రం పెట్టకండి. చదువు నడిచే రోజుల్లో ఎఫ్-1 మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. అసిస్టెంట్‌షిప్‌తోనే అవి నిండి ఉంటాయి. స్టైపెండ్‌గా రాయొచ్చా, జీతమవుతుందా అన్నది ముందుగా ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసును అడిగి తేల్చుకోవాలి. మేం ఆ లైనే తీసేశాం.

రెఫరెన్స్ లెటర్లు రెండు కావాలి. ఐదు వారాల ముందే అడిగాం. ఒకటి గడువుకు 40 నిమిషాల ముందు వచ్చింది, ఎందుకంటే పోర్టల్ పంపిన లింక్ ఆ ప్రొఫెసర్ స్పామ్‌లో పడింది. లింక్ పంపిన రోజే ‘అందిందా’ అని విడిగా ఈమెయిల్ చేస్తే సరిపోయేది. గడువు రాత్రి 11:59, తూర్పు తీరం టైమ్. పడమర తీరంలో ఉన్నవాళ్లకు అది 8:59 అని గుర్తుంచుకోవాలి.

లెటర్ల విషయంలో ఇంకొకటి ఉంది, ఈ రంగానికే ప్రత్యేకం. ‘ఈ సమూహానికి చెందిన వ్యక్తిగా ఈ విద్యార్థికి...’ అని ప్రేమగా రాసేస్తారు. విద్యార్థి అది చెప్పుకోవాలనుకుంటున్నారో లేదో అడగరు. అలాగే మంజూరైన వాళ్ల పేరు, ఫొటో, ప్రాజెక్టు శీర్షిక సంస్థలు వెబ్‌సైట్‌లో పెడతాయి. ఊళ్లో ఎవరైనా గూగుల్‌లో పేరు కొడితే మొదట వచ్చేది అదే. ఈ అంశం మీద పనిచేసేవాళ్లంతా క్వీర్ కాదు, కానీ చుట్టాలు అలా ఆలోచించరు. అయితేనేమి, కాకపోతేనేమి, ఇంట్లో ఎప్పుడు ఏం చెప్పాలో తేల్చుకోవలసింది మనమే గానీ ఒక సంస్థ వెబ్ పేజీ కాదు. లెటర్ రాసేవాళ్లకు ఏది రాయొచ్చో ఏది వద్దో ఒక పేరా పంపాం. మంజూరయ్యాక ఫొటో లేకుండా, ‘కుటుంబ బంధాలు, మానసిక ఆరోగ్యం’ అన్న పొట్టి శీర్షికతో ప్రకటించమని అడిగాం. మర్నాడే ఒప్పుకున్నారు. మొహమాటపడి అడగకపోతే పూర్తి శీర్షికే వెళ్లేది.

మూడోది 2025 మార్చి 3న వెళ్లి, 105 రోజులకు, జూన్ 16న మంజూరైంది. ఆ సాయంత్రం సంతోషం. మర్నాటి నుంచి కాగితాలు.

సంస్థ కోశాధికారి డబ్ల్యూ-9 ఫారం నింపి పంపమన్నారు. పన్నుల లెక్కలో నాన్‌రెసిడెంట్ అయినవాళ్లు అది నింపకూడదు. ఎఫ్-1 మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లూ నాన్‌రెసిడెంట్లే. కావలసింది డబ్ల్యూ-8బెన్. తెలిసీ తెలియక డబ్ల్యూ-9 మీద సంతకం పెడితే, పౌరులం లేదా రెసిడెంట్లం అని ప్రమాణం చేసినట్టే. సంగతి చెప్పాక వాళ్లు రెండు దారులు చూపించారు. చెక్కు నా పేరు మీద కావాలంటే 14 శాతం పన్ను పట్టుకుని, తర్వాత ఆ పన్ను చూపే 1042-ఎస్ ఫారం ఇస్తారు. 4,800లో 672 పోయి 4,128 చేతికొస్తుంది. ఫీజులకూ పుస్తకాలకూ వాడిన స్కాలర్‌షిప్‌కు మినహాయింపు ఉంటుంది గానీ, సర్వే నింపినవాళ్లకిచ్చే డబ్బు ఆ కోవలోకి రాదు. రెండో దారి: యూనివర్సిటీకి గ్రాంట్‌గా పంపితే పన్ను పట్టుకోరు.

యూనివర్సిటీ దారే ఎంచుకున్నాం. అక్కడ ఓవర్‌హెడ్ తగువు మొదలైంది. బయటి నుంచి వచ్చే ప్రతి గ్రాంట్‌లో యూనివర్సిటీ తన నిర్వహణ ఖర్చుల వాటా తీసుకుంటుంది. సంస్థేమో ఒక్క డాలర్ కూడా దానికి ఇవ్వనంటుంది. ఆ మాట వాళ్ల రూల్స్ పేజీలో ఉంటే చాలదట, లెటర్‌హెడ్ మీద కావాలట. ఆ లెటర్ తెప్పించి, డీన్ సంతకంతో మినహాయింపు పొందడానికి 17 రోజులు పట్టాయి. ఆగస్టు 5న చెక్కు వచ్చింది. ఖాతా నంబర్ వచ్చింది ఆగస్టు 26న. దరఖాస్తు వేసే ముందే డిపార్ట్‌మెంట్ గ్రాంట్ల అధికారిని కలిసి ఉంటే ఈ రెండూ సమాంతరంగా నడిచేవి. ఐదు వేల డాలర్ల గ్రాంట్‌కు ఎందుకులే అనుకున్నాం. ఐదు వేలకైనా ఐదు లక్షలకైనా కాగితాలు ఒకటే.

ఒక్క పని మాత్రం ముందు చేశాం, అదే కాపాడింది. ఐఆర్‌బీకి (మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ) దరఖాస్తును గ్రాంట్ ఫలితం కోసం ఆగకుండా ఫిబ్రవరి 10న వేసేశాం. అనుమతి 73 రోజులకు, ఏప్రిల్ 24న వచ్చింది. ఐఆర్‌బీ లెటర్ లేనిదే సంస్థ చెక్కు కదపదు. జూన్‌లో మొదలుపెట్టి ఉంటే చెక్కు సెప్టెంబర్ దాటేది. అన్నట్టు, ఇండియాలో ఉన్నవాళ్లను కూడా చేరుద్దామని మొదట్లో ఉండేది. విదేశీ నిధులతో జరిగే ఆరోగ్య పరిశోధనకు అక్కడి ఎథిక్స్ కమిటీతోపాటు ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. ఒక ఏడాది గ్రాంట్‌లో అది జరిగే పని కాదు. అందుకే అమెరికాలో ఉంటున్నవాళ్లకే పరిమితం.

డబ్బు చేతికొచ్చాక ఎక్కువ తిప్పలు పెట్టింది తెలుగు. మొదటి అనువాద సంస్థ సగం బయానా, 156 డాలర్లు తీసుకుంది. ప్రశ్నావళి పూర్తిగా చదివాక తమ అనువాదకులు ఈ విషయం మీద పనిచేయరని చెప్పింది, బయానా తిరిగి ఇవ్వలేదు. ఒప్పందానికి ముందే మొత్తం ప్రశ్నావళి పంపి ‘మీ అనువాదకులు చదివారా’ అని రాతపూర్వకంగా అడగాలన్నది 156 డాలర్ల పాఠం. రెండో సంస్థ పది రోజుల్లో ఇచ్చింది. తిరుగు అనువాదం చేసిన వ్యక్తి పంపిన ఇంగ్లిష్ చూస్తే, నాన్‌బైనరీ అన్నచోట నపుంసకులు అన్న అర్థం వచ్చే మాట ఉంది. తెలుగులో చూస్తే నిజంగానే ‘నపుంసకులు’ అని పెట్టారు. ఆ మాట అలాగే జనంలోకి వెళ్లి ఉంటే సర్వే అక్కడితో ముగిసేది. తిరుగు అనువాదానికి 312 డాలర్లెందుకని అడిగే రివ్యూయర్‌కు చూపించడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

సెప్టెంబర్ మధ్యలో ఎనిమిది మందితో కూర్చుని ఒక్కో ప్రశ్నా పైకి చదివించి, ఏమర్థమైందో అడిగాం. ‘లైంగిక ధోరణి’ అన్న మాట దగ్గర ఐదుగురు ఆగిపోయారు. ఒకరికి అది పోలీసు ఎఫ్‌ఐఆర్‌లో మాటలా వినిపించింది, ఇంకొకరికి బూతులా. ‘స్వలింగ సంపర్కులు’ అంటే మనిషిని కాక పడకను చెప్పినట్టుందని ముగ్గురు అన్నారు. చివరికి ‘మీకు ఎవరి మీద ప్రేమ, ఆకర్షణ కలుగుతాయి?’ అని అడిగి, జవాబుల్లో గే, లెస్బియన్, బైసెక్సువల్, క్వీర్ అని తెలుగు లిపిలోనే ఉంచాం. జెండర్ దగ్గర చిక్కు ఇంకోలా వచ్చింది. ఈ రంగంలో రెండు మెట్ల ప్రశ్న మామూలే. పుట్టినప్పుడు నమోదైనదేమిటి, ఇప్పుడు మిమ్మల్ని మీరు ఏమనుకుంటున్నారు? అనువాదంలో రెండింటికీ ‘లింగం’ అనే వచ్చింది. ‘ఇప్పుడే కదా చెప్పాను, మళ్లీ ఎందుకు అడుగుతున్నారు’ అని ఒకావిడ విసుక్కుంది. మొదటిదాన్ని ‘పుట్టిన సర్టిఫికెట్‌లో మిమ్మల్ని ఆడ అని రాశారా, మగ అని రాశారా?’ అని మార్చి, రెండోదానిలో ‘జెండర్’ అనే ఉంచాం. మార్చిన తెలుగు పత్రాలన్నీ మళ్లీ ఐఆర్‌బీకి వెళ్లాలి. సెప్టెంబర్ 22న పంపితే అక్టోబర్ 15న వచ్చాయి, 23 రోజులు. సర్వేలో వాడిన స్కేల్‌ను (కొలమానంగా వాడే ప్రశ్నల సమితి) అనువదించడానికి దాని రచయితల అనుమతి కూడా అడగాలి. ఈమెయిల్‌కు జవాబు రావడానికి 12 రోజులు పట్టింది, డబ్బేమీ అడగలేదు.

ఇంగ్లిష్ సర్వే అక్టోబర్ 3, శుక్రవారం సాయంత్రం తెరిచాం. పోస్టర్ మీద ‘10 డాలర్లు’ అని పెద్దక్షరాలు, కింద లింక్, అందరికీ కనిపించే ఇన్‌స్టాగ్రామ్ పోస్టు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఉండదు. శనివారం పొద్దున్నకి 640 జవాబులు. ఇంత స్పందనా అని కళ్లు చెమర్చిన మాట నిజం. ఓ పావుగంటలో మత్తు దిగింది. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య వచ్చినవే 500 పైచిలుకు. 25 నిమిషాల సర్వేను నాలుగు నిమిషాల్లో నింపారు. ఈమెయిల్ చిరునామాలన్నీ ఒకే మూసలో, పేరూ ఇంటిపేరూ పక్కన నాలుగంకెలు. రాత జవాబుల్లో అవే వాక్యాలు కామా తేడాతో. నింపింది మనుషులు కాదు, బాట్లు, అంటే డబ్బు కోసం ఎవరో నడిపే ప్రోగ్రాములు. సర్వే మూసేలోపు 23 గిఫ్ట్ కార్డులు వెళ్లిపోయాయి, 230 డాలర్లు గోవిందా.

మళ్లీ తెరవడానికి రెండు వారాలు పట్టింది. పోస్టర్‌లోంచి డాలర్ల అంకె తీసేసి ‘మీ సమయానికి గిఫ్ట్ కార్డు’ అని రాశాం. బయటి లింక్ ఐదు ప్రశ్నల వడపోతకు మాత్రమే వెళ్తుంది. అది దాటినవాళ్లకు ఒక్కసారే పనిచేసే సొంత లింక్ ఈమెయిల్‌లో వెళ్తుంది. వయసును మొదట్లో సంఖ్యగా, చివర్లో పుట్టిన సంవత్సరంగా అడుగుతాం, రెండూ పొసగాలి. మనిషా బాటా అని పసిగట్టే రీక్యాప్చా స్కోరు తక్కువైతే మనిషే చూస్తారు. కార్డులు మూడు పనిదినాల తర్వాతే, చేత్తో. మోసమని తేలిన జవాబులకు డబ్బివ్వబోమన్న వాక్యం సమ్మతి పత్రంలో ముందే ఉండాలి, లేకపోతే ఇవ్వనంటే ఐఆర్‌బీ ఊరుకోదు. ఈ సవరణ అనుమతికి 9 రోజులు. అక్టోబర్ 20న తెలుగు సర్వేతో కలిపి తెరిచాం.

ఇక ఫైనాన్స్ ఆఫీసు. గిఫ్ట్ కార్డు అందుకున్న ప్రతివాళ్ల పేరు, చిరునామా, సంతకం, పౌరులా వీసాదారులా అన్న వివరంతో జాబితా కావాలన్నారు. వాళ్ల వైపునుంచి చూస్తే నాన్‌రెసిడెంట్లకు డబ్బిస్తే పన్ను పట్టుకోవలసి ఉంటుంది. మా వైపునుంచి చూస్తే అది అమెరికాలోని దక్షిణాసియా క్వీర్ మనుషుల పేర్లు, వీసా వివరాలతో సహా ఒక ఎక్సెల్ షీట్. ఇంటికి తెలియకూడదనే దాచుకుంటున్నవాళ్ల గురించి కదా అసలు పరిశోధన! 2025లో అలాంటి జాబితా ఎక్కడైనా ఉండటమన్న ఊహకే నిద్ర పట్టలేదు. మా యూనివర్సిటీ నిబంధనల్లోనే దారి దొరికింది. చిన్న మొత్తాలకు, ఐఆర్‌బీ లెటర్ జత చేస్తే, పేర్ల బదులు కోడ్ నంబర్ల జాబితా చాలు. ఆ మాట ఫైనాన్స్ వాళ్లు తమంతట తాము చెప్పలేదు. ఐఆర్‌బీ ఆఫీసులో ఒక ఉద్యోగి చెప్పారు. కోడ్‌ను ఈమెయిల్‌తో కలిపే ఫైలు వేరే చోట ఉంచి, కార్డు వెళ్లిన 30 రోజులకు చెరిపేస్తున్నాం. ఎన్‌ఐహెచ్ నిధులున్న పరిశోధనకు కోర్టు సమన్ల నుంచి రక్షణనిచ్చే గోప్యతా సర్టిఫికెట్ దానంతటదే వర్తిస్తుంది. ప్రైవేటు డబ్బుతో చేసేవాళ్లు విడిగా అడగాలి. అందుకే చెరిపేయడమే మేలనుకున్నాం. లేని ఫైలును ఎవరూ అడగలేరు.

గిఫ్ట్ కార్డు ఈమెయిల్‌ను కూడా ముందు మనకే పంపుకుని చూడాలి. మేం చూస్తే సబ్జెక్ట్ లైన్‌లో సర్వే పూర్తి శీర్షిక, ఎల్‌జీబీటీక్యూ మాటతో సహా కనిపించింది. ఆ ఈమెయిల్ నోటిఫికేషన్ వంటింట్లో టేబుల్ మీదున్న ఫోన్‌లో మెరిస్తే ఏమవుతుంది? ‘సర్వేకు ధన్యవాదాలు’ అని మార్చాం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించే చెల్లింపులొద్దని గిఫ్ట్ కార్డులే ఉంచాం.

డిసెంబర్ 14న సర్వే మూసేసరికి నిజమైన మనుషులు 187 మంది, శుభ్రం చేశాక 171. కావలసింది 162. తెలుగులో నింపినవాళ్లు 29 మందే, కానీ ఇంటర్వ్యూలకు ముందుకొచ్చినవాళ్లలో సగం వాళ్లే. ప్రకటనలకు పెట్టిన 136 డాలర్ల వల్ల వచ్చింది ఆరుగురు. మిగతావాళ్లంతా ఒకరి ద్వారా ఒకరు.

లెక్క చూస్తే, 240కి బదులు 187 మంది కావడంతో 530 మిగలాలి. అందులో బాట్లకు 230, అనువాద బయానాకు 156 పోగా 144 ఉంది. ఖర్చు కానిది తిరిగి పంపాలని ఒప్పందం. వేరే లైన్‌కు మార్చుకోవచ్చా అని సంస్థకు ఈమెయిల్ చేస్తే మూడు రోజుల్లో సరేనన్నారు. సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌లో సాగిన ఇంటర్వ్యూలను సాఫ్ట్‌వేర్ రాయలేకపోతోంది. తెలుగు వచ్చిన ఒక అండర్‌గ్రాడ్ గంటకు 15 చొప్పున తొమ్మిదిన్నర గంటలు టైప్ చేసింది. మొత్తం రికార్డింగు 25 గంటలు. మిగతాది రాత్రిళ్లు నేనే చేస్తున్నాను. పది నిమిషాల మాట రాయడానికి గంట పడుతోంది. తుది నివేదిక గడువు జూన్ 30.